నాలుగు దరువుల మౌనం

పోయిన వారం మనం పచ్చని పందిరి కింద, తాళి పట్టుకొని సగం లేచిన ఒక చెయ్యి దగ్గర ఆగిపోయాం. ఆ చెయ్యి బోథ్ నుంచి గోదావరి దాటి వచ్చిన అంబదాస్ పటేల్‌ది. ఎదుటి పీట మీద ఉన్నది ఎర్రగుంటపల్లె లక్ష్మీరాజం పటేల్ బిడ్డ బాలలక్ష్మి. మేళం ముత్యానిది. మూడు తరాలుగా ఆ ఊరి పెండ్లిళ్లకు సన్నాయి ఊదిన ఇంటివాడు, కైలాసం కొడుకు. ఆరేళ్లు సికింద్రాబాద్‌లో గోవా డిసౌజా మాస్టర్ దగ్గర క్లారినెట్ నేర్చుకున్నాడు. తండ్రికి దమ్ము జబ్బు ముదిరితే ఊరికి వచ్చి, ఆయన జాగలో మొదటిసారి కూర్చున్నాడు. గట్టిమేళం నడుమ క్లారినెట్ మూతి పైకెత్తాడు. అది వాళ్లలో వాళ్లు అనుకున్న సైగ. డోలు ఆగింది. వెనక నుంచి ఒకే స్వరం పట్టి ఉంచే సుతి సన్నాయి కూడా ఆగింది. జాజ్ మేళాల్లో చేసినట్టు నాలుగు దరువులు అందరూ మౌనంగా ఉంటే, ఆ మౌనంలోంచి తన వాద్యం ఒక్కటే లేవాలని అతని ఆశ. అతను ఊపిరి తీసుకునేలోపు పెండ్లికూతురి గొంతు వినబడింది.

"నాకొద్దు" అన్నది బాలలక్ష్మి.

నాలుగు వందల మంది విన్నారు.

అది జరిగి రెండు రోజులైంది. ఈ రెండు రోజుల్లో కైలాసం తన మంగలి పొది విప్పలేదు. గడ్డం గీయించుకోవడానికి ఒక్క మనిషి రాలేదు. సుతి పట్టడానికి పొరుగూరి నుంచి వచ్చిన బంధువు ఆ రోజే ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. డోలు కొండల్ మాత్రం మిగిలాడు, అతని ఇల్లు పక్కనే కనుక. బాయి దగ్గర ముత్యం తల్లి శంకరవ్వ చేద వేస్తే ఆడవాళ్లు తమ బిందెలు పక్కకు జరుపుకున్నారు. కొడుకు తప్పుకు తల్లిని అనడానికి వాళ్లకు నోరు రాలేదు, పలకరించడానికి ధైర్యం రాలేదు.

మూడో రోజు పొద్దున ఊరి పెద్దమనిషి నాగయ్య వాళ్ల ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు. చెప్పులు విడవకుండా నిలబడే చెప్పాడు. అంబదాస్ మనుషులు ఇంకా విడిదిలోనే ఉన్నారట. ఇంత దూరం వచ్చి ఒట్టి చేతులతో పోతే బోథ్ తాలూకా అంతా నవ్వుతుందని, నాలుగు వందల మంది విన్న మాటను ఆ నాలుగు వందల మంది ముందే లేదనిపిస్తేనే మళ్లీ పీటల మీద కూర్చుంటామని వాళ్ల పట్టు. పిల్ల తండ్రి లక్ష్మీరాజం అన్నం ముట్టడం లేదు. పురోహితుడు చూసి, ఈ రోజే మిట్ట మధ్యాహ్నం ఇంకో ముహూర్తం ఉందన్నాడు. ఆ లోపల దీనికి ఒక తోవ తియ్యాలి.

తోవ నాగయ్యకే తట్టింది. పెండ్లికి ముందటి రోజు ఎదుర్కోళ్లప్పుడు ముత్యం క్లారినెట్‌తో ముచ్చట్లు చెప్పించాడు. "అన్నం తిన్నవా" అని అడిగించాడు, ముసలమ్మ దగ్గు దగ్గించాడు, పసిపిల్ల ఏడుపు ఏడిపించాడు. ఊరంతా పడీపడీ నవ్వింది. ఊరు నల్ల సన్నాయి అని పిలిచే ఆ క్లారినెట్‌కు మాటలు వస్తాయని అందరికీ తెలుసు.

"గా మాట పిల్లది కాదు, నీ నల్ల సన్నాయిది" అన్నాడు నాగయ్య. "పరాచికానికి పలికించిన, తప్పయింది అని పందిట్ల ఒప్పుకో. ఒప్పుకొని మళ్ల ఒక్కపారి పలికించి చూపెట్టు. అందరు నవ్వి లేస్తరు. పెండ్లి అయితది."

"అది నేను పలికించలే, నాగయ్య పటేలా."

"నువ్వు పలికించలేదని నాకు ఎరుక లేదా? ఎరుకున్నది ఎవనికి గావాలె ముత్యం? ఒప్పుకోకుంటె ఇగ పన్నెండూళ్లల్ల మీ మేళం ముట్టేటోడుండడు. ఇల్లు లచ్చిరాజం జాగల ఉన్నది. మీ బాపును జర చూస్కో."

ఆయన పోయాక శంకరవ్వ కొడుకు దగ్గరిదాకా వచ్చి వెనక్కి తిరిగింది. కొంగు నోట్లో కుక్కుకొని కుడితి తొట్టి దగ్గర కూర్చుంది. అదే ఎక్కువైంది ముత్యానికి. తిట్టినా బాగుండు అనుకున్నాడు.

ఇంటి వెనక కైలాసం ఇత్తడి చెంబులో నీళ్లు పోసుకొని సన్నాయి పీకలు నానబెడుతున్నాడు. తాటాకు చీరి, మడిచి, దారం చుట్టి చేసుకునే పీకలవి. నాలుగు నెలలుగా ఆయన ఊదింది లేదు. అయినా రోజూ నానబెడతాడు, రోజూ ఆరబెడతాడు. ముత్యానికి ఆ చెంబును చూస్తే చిన్నతనం గుర్తొస్తుంది. ఏడేండ్ల వయసులో అదే చెంబు ముందు కూర్చోబెట్టి, బొప్పాయి కాడ నోట్లో పెట్టి, నీళ్లలో బుడగలు ఊదమనేవాడు తండ్రి. ముక్కుతో గాలి పీల్చేటప్పుడు బుగ్గల్లో దాచిన గాలితో బుడగలు నడవాలి. బుడగలు ఒక్క క్షణం ఆగితే వీపు మీద దెబ్బ పడేది. అట్లా రెండేండ్లు. సన్నాయి ముట్టింది ఆ తరువాతే.

ఆ విద్యనే సికింద్రాబాద్‌లో డిసౌజా మాస్టర్ చూసి మెచ్చుకున్నాడు, మెచ్చుకొని మానెయ్యమన్నాడు. ఊపిరి తీసుకో, తీసుకున్నట్టు వినబడనీ, అని చెప్పేవాడు. ఆగడం రాని మేళం తలుపులేని గోడ లాంటిది, లోపల ఏముందో ఎవనికీ తెలియదు అనేవాడు. గ్రామఫోను మీద అమెరికా నల్లవాళ్ల మేళాలు పెట్టి, అందరూ ఒక్కసారిగా ఆగి ఒక్కడే పలికే చోట వేలెత్తి చూపేవాడు. ఆ చోటు విన్న మొదటి రోజు ముత్యానికి కండ్ల నీళ్లొచ్చాయి. తమ ఊరి గట్టిమేళంలో అట్లాంటి చోటు ఒక్కటుంటే అని ఆరేండ్లు కలగన్నాడు. ఆ కల ఇట్లా అయింది.

అతను తండ్రి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"బాపు, ఆ పొద్దు నువ్వు ఊదకపోయినా ఆమె పక్కన్నే కూసున్నవ్. మూరెడు దూరం లేదు. ఆ మాట కలానెట్‌ది కాదని నీకు ఎరుక. పందిట్ల నువ్వు చెప్పు. నీ మాట వింటరు."

కైలాసం పీకను నీళ్లలోంచి తీసి ఊది చూశాడు. "ఎరుకే" అన్నాడు.

"మరి చెప్పు."

"గిదొక్కటే ఎరుకనా నాకు?"

ముత్యానికి అర్థం కాలేదు. కైలాసం పీకను అరచేతిలో ఆరబెట్టుకుంటూ, ఎవరికో పాత సంగతి చెప్తున్నట్టు, ఆగి ఆగి చెప్పాడు. ముప్పై ఎనిమిదేండ్లుగా పెండ్లికూతుళ్లకు అందరికంటే దగ్గర కూర్చున్నవాడు తానే. తల్లిదండ్రులకు వినబడనిది తనకు వినబడింది. గట్టిమేళం మోగేటప్పుడు తమ మాట ఎవరికీ వినబడదని పిల్లలకు తెలుసు, అందుకే అప్పుడే అంటారు. ఒకామె దేవుడా దేవుడా అన్నది. ఒకామె చచ్చిపోయిన తల్లిని పిలిచింది. ఒకామె నోటి నుంచి మాట లేదు, పండ్లు కొట్టుకున్న చప్పుడు. నవ్వినోళ్లు కూడా ఉన్నారు, అబద్ధమెందుకు, చాలామందే ఉన్నారు. వద్దన్నవాళ్లు మాత్రం ఒకరిద్దరు కాదు.

"మేళం గోడే బిడ్డా" అన్నాడు. "మీ మాస్టరు సరిగ్గనే చెప్పిండు. లోపలి మాట బయటికి రావద్దని కట్టిన గోడ. మీ తాత నన్ను గట్టిగ ఊదుమన్నడు గని ఎందుకో చెప్పలే. నేను అడగలే. నువ్వొచ్చి దానికి తలుపు పెడ్తివి."

"తప్పు చేసిననా బాపు?"

కైలాసం పీకను చెంబు పక్కన పెట్టాడు. దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి, చెంబు అంచు పట్టుకొని వంగిపోయాడు. తగ్గాక, తల ఎత్తకుండానే అడిగాడు.

"కిష్టవ్వ పెండ్లి యాదికున్నదా?"

యాదికి లేకపోవడమేమిటి. కిష్టవ్వ ముత్యం చెల్లెలు. తొమ్మిదేండ్ల కింద, పద్నాలుగేండ్లకు, ధర్మపురి అవతల ఒక ఊరికి ఇచ్చారు. పదకొండు నెలలకు ఆమె శవం ఎద్దులబండిలో వచ్చింది. ఏమైందని అడిగితే అత్తగారోళ్లు ఒక తీరు చెప్పారు, ఆ ఊరోళ్లు ఒక తీరు చెప్పారు. ముత్యం ఆ పెండ్లిలో సుతి పట్టాడు. వెనక కూర్చొని, చెవుల్లో ఆ ఒక్క స్వరం తప్ప ఏమీ లేకుండా.

ఆ రోజు కైలాసం ఊదవలసిన పని లేదు. బిడ్డ తండ్రిగా పీట మీద కూర్చొని కాళ్లు కడిగాడు, చేతిలో చెయ్యి పెట్టాడు. అక్కడితో లేచి పక్కకు నిలబడితే సరిపోయేది. కానీ తన బిడ్డ గట్టిమేళం ఇంకొకని నోటి నుంచి రావడమేంది అనిపించింది. తడి చేతులు పంచెకు తుడుచుకొని, తమ్ముని చేతిలోంచి సన్నాయి గుంజుకొని, బిడ్డ పక్కన కూర్చున్నాడు. ఆ ఊదినట్టు మళ్లీ ఎన్నడూ ఊదలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"గప్పుడు పిలిచింది" అన్నాడు కైలాసం. "బాపూ అన్నది. ఒక్కపారే. నా దిక్కు చూసింది. నేను బుగ్గల నిండ గాలి పట్టి ఉన్న. ఆపితే మేళం ఆగుతది. గట్టిమేళం ఆపితే అపశకునమని గింతప్పటి నుంచి నెత్తికెక్కించుకున్న గద. ఇంకింత గట్టిగ ఊదిన బిడ్డా. ఆమె ఏం చెప్పవొయ్యిందో నాకిప్పటికి తెల్వది."

కుడితి తొట్టి దగ్గర శంకరవ్వ లేచి లోపలికి పోయింది. ఈ సంగతి ఆమె కూడా ఇప్పుడే విన్నదో, తొమ్మిదేండ్లుగా ఆమెకు తెలుసో, ముత్యానికి అంతుపట్టలేదు.

ముత్యం అడిగాడు. "మరి నన్ను ఏం చెయ్యమంటవ్?"

"నాగయ్య చెప్పినట్టే చెయ్యి." కైలాసం చెంబులో నీళ్లు మందార చెట్టు మొదట్లో పారబోశాడు. "మీ అవ్వ ఈ వయసుల యాడికి పోతది. నేను ఇంకెన్ని దినాలుంట. విన్నమని చెప్పినోని నోట్లె మన్నువడ్తది గని, ఆ పోరికి ఒరిగేదేముంటది? చెయ్యి కొడుకా."

ఆ మాట తండ్రి నోటి నుంచి వస్తుందని ముత్యం అనుకోలేదు. ఎదిరించమంటే ఎదిరించేవాడేమో. లొంగిపొమ్మన్నాక అతనికి నిలబడడానికి జాగ దొరకలేదు.

పందిరి మూడు రోజులకు ఎండిపోయింది. మామిడాకులు గాలికి గలగలమంటున్నాయి. అరటి పిలకలు తలలు వాల్చాయి. జంపఖానా మీద ఒక పక్క అంబదాస్ మనుషులు తలపాగలతో బిగదీసుకొని కూర్చున్నారు. అంబదాస్‌కు నలభై దాటి ఉంటాయి. మొదటి పెండ్లాం పోయి రెండేండ్లు. అతను ఎవరితోనూ మాట్లాడడం లేదు. చేతికున్న కంకణం దారాన్ని తిప్పుకుంటున్నాడు. ఇంకో పక్క ఊరు మొత్తం. లక్ష్మీరాజం గుంజకు ఆనుకొని నిలబడ్డాడు. రెండు రోజుల్లో ఆ మనిషి మొహం పీక్కుపోయింది.

నాగయ్య లేచి నవ్వుతూ మొదలుపెట్టాడు. పట్నం పోయి వచ్చిన పిల్లగాళ్లకు పరాచికాలెక్కువని, వాద్యానికి మాటలు నేర్పిన మొనగాడు మన ఊర్లో ఉన్నాడని, ఎక్కడ పలికించాలో ఎక్కడ వద్దో తెలియక తప్పు చేశాడని చెప్పాడు. ముత్యాన్ని నడిమిట్లోకి పిలిచాడు.

ముత్యం ఒప్పుకున్నాడు. తలవంచి, తప్పయిందని, అది తన నల్ల సన్నాయి చప్పుడేనని అన్నాడు. అంబదాస్ పక్కనున్న ముసలాయన మరాఠీ కలిసిన తెలుగులో, నోటితో ఎవరైనా చెప్తారు, పలికించి చూపెట్టు అన్నాడు.

నడిచి వచ్చేటప్పుడు ముత్యం ఒక ఉపాయం ఆలోచించుకున్నాడు. పలికిస్తాడు కానీ చెడగొట్టి పలికిస్తాడు. పిట్ట అరిచినట్టు కీచుమనిపిస్తాడు. అది మాట కాదని గుడ్డివానికైనా తెలుస్తుంది. తాను ఒప్పుకున్నట్టూ ఉంటుంది, ఎవరూ నమ్మనట్టూ ఉంటుంది. అంతకంటే అతనికి చేతనైంది లేదు.

క్లారినెట్ పెదవుల మీద పెట్టుకున్నాడు. రీడు తడిపాడు. కానీ ఆరేండ్ల సాధన మనిషి చెప్పినట్టు వినదు. వేళ్లకు తెలుసు, నాలుకకు తెలుసు, గొంతు ఎక్కడ మూసి ఎక్కడ విడవాలో దానికి తెలుసు. పైగా నాలుగు వందల మంది ఊపిరి బిగబట్టి తన వాద్యం వైపే చూస్తున్నారు. ఏ వాద్యగాడూ అట్లాంటి మౌనంలోకి కావాలని అపస్వరం విసరలేడు. క్లారినెట్ "నాకొద్దు" అన్నది. స్పష్టంగా, మెల్లగా, చివర కొంచెం వణికి, అచ్చం బాలలక్ష్మి అన్నట్టే అన్నది.

ముందు ఒకరు నవ్వారు. తరువాత పది మంది. తరువాత పందిరంతా నవ్వింది. మూడు రోజుల బరువు దిగినట్టు నవ్వారు. ఇంకొక్కపారి అని అడిగారు. పలికించాడు. ఇంకొక్కపారి. మూడోసారికి పిల్లలు దాన్ని పట్టేసుకొని నాకొద్దు నాకొద్దని పందిరి చుట్టూ ఉరకడం మొదలుపెట్టారు. అంబదాస్ కూడా మొదటిసారి పెదవి కదిపాడు.

పెండ్లికూతురి అర్ర తలుపు సగం తెరిచి ఉంది. ముత్యం అటు చూడకూడదనుకున్నాడు, చూశాడు. గడప అవతల ఆమె పాదాలు కనబడ్డాయి, పసుపు పాదాలు. ఊరు నవ్వినంతసేపూ అవి కదలలేదు.

ఆమె అన్నది ఒక్కటే మాట. ఆ మాటను తాను గుంజుకొని పిల్లల నోళ్లకు ఆట చేశాడు. గోడకు తలుపు పెట్టినవాడే వచ్చి ఇటుకలు పేర్చి పూడ్చాడు, పైన సున్నంతో గిలాబు కూడా చేశాడు.

నాగయ్య క్లారినెట్ అడిగి తీసుకున్నాడు. పందిరి గుంజలు దిగగొట్టిన కొయ్య సమ్మెట అక్కడే ఉంది. అది మళ్లీ ఎన్నడూ పలకకుండా, రాయి మీద పెట్టి రెండు దెబ్బలు కొట్టించాడు. మొదటి దెబ్బకు వెండి మీటలు ఎగిరిపడ్డాయి, రెండో దెబ్బకు నల్లకట్టె నిలువునా చీలింది. సికింద్రాబాద్ విడిచి వచ్చే రోజు డిసౌజా మాస్టర్ తన చేతులతో ఇచ్చిన వాద్యం అది. ముత్యం చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. అడగడానికి తనకు హక్కు లేదనిపించింది.

"ఇగ పాత పద్ధతే" అన్నాడు నాగయ్య. "కైలాసం, నువ్వే ఊదు. నడుమల ఆగుడు గీగుడు లేదు. నీ కొడుకు వెనక కూసుండి సుతి పట్టుకుంటడు."

సుతి పట్టేది నేర్చుకునే పిల్లలు. ఇరవై ఆరేండ్ల ముత్యం, ఏ జాగలో మొదలుపెట్టాడో ఆ జాగలోనే, తండ్రి వీపు వెనక కూర్చున్నాడు. రంధ్రాలకు మైనం పూసిన సుతి సన్నాయి చేతికిచ్చారు. దానికి ఒకటే స్వరం. కొండల్ డోలు బిగించుకుంటూ అతని వైపు ఒకసారి చూసి చూపు దించుకున్నాడు.

బాలలక్ష్మిని తీసుకొచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు చెరొక రెక్క పట్టుకున్నారు. ఎడమ చెంప మీద పసుపు మందంగా పూశారు, పసుపు కింద వాపు దాగలేదు. కూర్చోమంటే కూర్చుంది. తల ఎత్తమంటే ఎత్తింది. ఇప్పుడు ఆమె నిజంగానే వద్దన్నా మేళం హోరులో అది వాద్యం చప్పుడే అవుతుంది. ఆ సంగతి ఆమెకు తెలిసిపోయిందని ఆమె కండ్లు చూస్తేనే తెలుస్తున్నది.

కైలాసం సన్నాయి ఎత్తాడు.

నాలుగు నెలలుగా ఊదని మనిషి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడే మనిషి. మొదటి స్వరం గరగరమంది, రెండోది నిలబడింది. ఆ తరువాత పందిట్లో ఉన్న పెద్దవాళ్లందరూ తలలు తిప్పి చూశారు. పాత కైలాసమే. ముక్కుతో పీలుస్తున్నది తెలియకుండా, నోటితో విడుస్తున్నది తెగకుండా, ఎండలో నూనె ధారలాగా ఆ నాదం సాగింది. ముత్యం వెనక నుంచి తన ఒక్క స్వరాన్ని దాని కింద పరిచాడు. ఎన్ని నేర్చి వచ్చినా, ఈ నాదం ముందు తాను నేర్చింది చిన్నదే అనిపించింది. అంత గొప్ప నాదం ఏ పనికి వాడుకుంటున్నారో తలుచుకొని తండ్రి వీపు మీద నుంచి చూపు తిప్పుకున్నాడు.

పురోహితుడు చెయ్యి ఎత్తాడు. కొండల్ డోలు ఉరిమింది. అంబదాస్ లేచి, తాళి రెండు చేతులతో పట్టుకొని వంగాడు. నలువైపుల నుంచి అక్షింతలు లేచాయి.

అప్పుడు కైలాసం సన్నాయి మూతి పైకెత్తాడు.

అట్లా ఎత్తే అలవాటు ఆయనకు ముప్పై ఎనిమిదేండ్లలో లేదు. అది ముత్యం సైగ. కొండల్ చేతులు ఆలోచించలేదు, నేర్చుకున్నట్టు గాలిలోనే ఆగిపోయాయి. కైలాసం పీక నోట్లోంచి తీశాడు.

మిగిలింది సుతి ఒక్కటే. ముత్యం నోట్లోంచి వస్తున్న ఆ ఒక్క స్వరం.

ఒక దరువు. బాపు దమ్ము అయిపోయిందనుకున్నాడు ముత్యం. పడిపోతాడేమోనని ముందుకు వంగి చూశాడు. రెండో దరువు. తండ్రి బుగ్గలు కనబడ్డాయి. నిండుగా ఉన్నాయి, గాలి పట్టి ఉన్నాయి. ఊదగలిగి ఊదడం లేదు. మూడో దరువు. ఆడవాళ్ల గుంపులో శంకరవ్వ నిలబడి ఉంది. కొంగు నోట్లో లేదు. ఇల్లు, పన్నెండూళ్ల మేళం, బాపు మిగిలిన దినాలు, అన్నీ ఇప్పుడు తన పెదవుల మధ్యనున్న తాటాకు ముక్క మీద నిలబడ్డాయని అతనికి తెలుసు. ఇది ఇట్లాగే పట్టి ఉంచితే చాలు. కొండల్ మళ్లీ అందుకుంటాడు, తాళి పడుతుంది.

నాలుగో దరువుకు ముత్యం సుతి విడిచాడు.

ఎండిన మామిడాకుల గలగల వినబడింది. అంబదాస్ చేతిలో తాళి బొట్లు ఒకదానికొకటి తాకిన చప్పుడు వినబడింది. "ఊదున్రి" అన్నాడు లక్ష్మీరాజం. ఎవరూ ఊదలేదు. క్లారినెట్ రాయి మీద రెండు ముక్కలై పడి ఉంది. ఇప్పుడు ఏ మాట వినబడినా అది వాద్యానిదని చెప్పడానికి పందిట్లో మాటలు పలికే వాద్యమే లేదు.

బాలలక్ష్మి తల ఎత్తింది. ఎవరూ ఎత్తమనకుండా ఎత్తింది.

"బాపూ" అన్నది.

ఆమె పిలిచింది తన తండ్రిని. లక్ష్మీరాజం గుంజను పట్టుకొని కండ్లు మూసుకున్నాడు, పలకలేదు. అంబదాస్ మనుషులు ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. ఒకని చెయ్యి సమ్మెట వైపు పోయింది. పలికింది కైలాసం. బుగ్గల్లో అప్పటిదాకా దాచిన గాలి అంతా విడిచి, తొమ్మిదేండ్ల కింద పలకవలసిన మాట పలికాడు.

"చెప్పు బిడ్డా. వింటున్న."

ఆమె ఆయన వైపు తిరిగి నోరు తెరిచింది.